యానాం వంతెన దగ్గర బండి మారడం: కోరంగి నుంచి మురమళ్ళ దాకా ఒక రవాణా ప్రణాళిక కథ

కాకినాడలో బయలుదేరి 216వ నంబరు జాతీయ రహదారి మీద అమలాపురం వైపు వెళ్తుంటే, ముప్పై కిలోమీటర్లు తిరక్కుండానే రాష్ట్రం మారిపోతుంది. అది యానాం, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక ముక్క. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ పోయి పీవై 04 కనిపిస్తుంది. పెట్రోలు బంకుల దగ్గర బండ్ల వరసలు పెరుగుతాయి. పోలీసుల నెత్తిన ఎర్ర టోపీ కనిపిస్తుంది. ఊరు దాటి గోదావరి పాయ గౌతమి మీద బాలయోగి వంతెన ఎక్కి ఎదుర్లంకలో దిగేసరికి మళ్ళీ ఆంధ్రప్రదేశ్. మాట మారదు, కూరలో చింతపండు మారదు, పులస కోసం బేరం మారదు. మారేది బండి కాగితాల చెల్లుబాటు ఒక్కటే. మా పనంతా ఆ ఒక్కదాని చుట్టూ తిరిగింది.

కోరంగి మడ అడవి, యానాం, మురమళ్ళ. ఈ మూడింటినీ కలిపి చూడ్డానికి వచ్చేవాళ్ళను సొంత కార్లలో కాకుండా స్థానికుల బండ్లలో, పడవల్లో తిప్పాలని మూడు సీజన్ల పాటు చేసిన ప్రయత్నం ఇది. నేను తాళ్ళరేవులో పుట్టాను. బస్సు రూట్లు, టైం టేబుళ్ళు గీసే పనిలో చాలా ఏళ్ళు గడిపి సొంతూరికి వచ్చేశాను. ఐ.పోలవరం వైపు ఇళ్ళలో అతిథులను పెట్టుకునే నాలుగు కుటుంబాలు, కోరంగి పడవల మీద పనిచేసే కొందరు, యానాం ఆటో స్టాండులో కొందరు కలిసి ఒకరోజు మా ఇంటికి వచ్చారు. "జనం వస్తున్నారండి, చూస్తున్నారండి, పోతున్నారండి. మాకు మిగిలేది దుమ్మేనండి" అన్నాడు వాళ్ళలో ఒకతను. వాళ్ళకు కావలసింది ప్రచారం కాదు. కోరంగిలో ఆగిన మనిషి యానాంలో కూడా ఆగాలి, అక్కణ్ణుంచి ఏరు దాటి ఒక రాత్రి కోనసీమలో పడుకోవాలి. ఆ తిరుగుడు ఖర్చు ఇక్కడి బండ్లకే రావాలి.

2002లో కేప్‌టౌన్‌లో బాధ్యతాయుత పర్యాటకం మీద చేసిన ప్రకటనలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ముందు అక్కడ ఉండేవాళ్ళకు ఆ చోటు బాగుండాలి, ఆ తర్వాతే చూడ్డానికి వచ్చేవాళ్ళకు బాగుండాలి అని. మా పనిలో నేను గట్టిగా పట్టుకున్నది ఆ వరసనే. సందర్శకుడి సౌకర్యం, ఆటో డ్రైవరు బతుకు ఎదురెదురుగా నిలబడిన ప్రతిసారీ ఏది ముందో అది చెప్పింది.

ఈ హద్దు ఎలా వచ్చిందో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు. ముగ్గురూ ఈ గౌతమి పాయల మీద వచ్చే నేతబట్టల కోసమే పక్కపక్కన కూర్చున్నారు. ఫ్రెంచివాళ్ళు యానాంలో కొట్టు పెట్టింది 1723లో. వాళ్ళ పాలన 1954లో పోయింది, కాగితాల మీద బదిలీ 1962లో పూర్తయింది. ఆ మధ్యకాలంలో జనం ఈ హద్దును తమ అవసరానికి బాగానే వాడుకున్నారు. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక పసిపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి చుట్టుపక్కల కుటుంబాలు బళ్ళు కట్టుకుని యానాం వచ్చేవి. అందుకే దానికి కల్యాణపురం అన్న పేరు పడింది. ఆ పేరు వినడానికి ఎంత ముద్దుగా ఉన్నా, దాని వెనక ఉన్నది పసిపిల్లల జీవితాలు. సందర్శకులకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ రెండో సగం కూడా చెప్పాలని మేం నియమం పెట్టుకున్నాం.

ఇప్పటి యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. రాజధాని పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మంగళవారం సంతకు చుట్టుపక్కల ఆంధ్ర ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. ఒకప్పుడు యానాం, ఎదుర్లంకల మధ్య పంటు, అంటే మనుషులను, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ ఉండేది. 2002లో వంతెన వచ్చాక పంటు పోయింది, ప్రయాణం నిమిషాల్లోకి వచ్చింది. దాంతోపాటే సందర్శకుల కార్లు ఆగకుండా దూసుకుపోయే దారీ పడింది. పంటు కోసం ఆగేటప్పుడు రేవులో టీ కొట్టు బతికేది. ఆ ఆగడాన్ని మళ్ళీ ఎక్కడో ఒకచోట తెచ్చిపెట్టాలని నాకు మొదట్నుంచీ మనసులో ఉంది గానీ, మొదటి ప్రణాళికలో నేను చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

మొదటి ప్రణాళిక

బస్సు రూట్లు గీసినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మధ్యలో దింపడమంటే మాకు ఓటమి. ఎక్కినచోటు నుంచి దిగేచోటుకు ఒకే బండి వెళ్ళాలి. అందుకని తాళ్ళరేవు నుంచి ఒక ఆటో మనుషులను ఎక్కించుకుని, కోరంగి చెక్క వంతెన దగ్గర ఆగి, యానాంలో ఏటిగట్టు చూపించి, వంతెన దాటించి, సాయంత్రానికి మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడి దగ్గర దింపేలా గీశాను. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది.

ఒక కార్తీక సోమవారం హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబాన్ని ఇలాగే పంపాం. వాళ్ళలో మోకాళ్ళ నొప్పులున్న ఒక మామ్మగారు ఉన్నారు. మురమళ్ళలో నిత్యకల్యాణానికి నెలల ముందు టికెట్టు చేయించుకున్నారు. యానాం దాటుతుండగా దారిలో తనిఖీలో ఆటోను ఆపారు. మా డ్రైవరు పర్మిట్ ఆంధ్రాది, దాని మీద అవతలి అధికారుల సంతకం లేదు. జరిమానా పడింది, బండి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. మామ్మగారు రోడ్డు పక్కన ఒక కిళ్ళీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. వేరే ఆటో వెతికి పంపేసరికి కల్యాణం వేళ దాటిపోయింది. ఆపినవాళ్ళ తప్పు ఏమీ లేదు, కాగితం లేదు కాబట్టి ఆపారు. ఆ కాగితం గురించి ముందే అడగవలసిన మనిషిని నేను. రోజూ జనాన్ని చేరేసే సర్వీసు ఆటోలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి కదా, మనవీ అలాగే పోతాయనుకున్నాను. ఆ అనుకోలు ఖరీదు మామ్మగారు చెల్లించారు. ఆవిడకు మరుసటి ఏడాది మళ్ళీ టికెట్టు చేయించి, దగ్గరుండి తీసుకెళ్ళాను. అయినా ఆ బల్ల మీద కూర్చున్న ఆవిడ ముఖం నాకు గుర్తుంది.

జరిమానా తలా కొంచెం వేసుకుని కట్టాం. ఆ రాత్రి డ్రైవరు మా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగిన ప్రశ్న వేరు. "మేడం గారూ, ఆపారు కాబట్టి ఫైనుతో పోయింది. ఆపకపోయుంటే, ఆ వంతెన మీద ఏ లారీయో తగిలుంటే, అప్పుడేటండి?"

చట్టం ఏమంటుంది

అతనికి జవాబు చెప్పడానికి నేను చదవాల్సి వచ్చింది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 88 సంగతి ఇది: ఒక రాష్ట్రంలో ఇచ్చిన పర్మిట్ ఇంకో రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి రవాణా అధికారుల ప్రతిసంతకం ఉండాలి. లేదా రెండు రాష్ట్రాల మధ్య ఇన్ని బండ్లకు, ఈ దారుల్లో అని ఒప్పందం ఉండాలి. కేంద్రపాలిత ప్రాంతానికీ ఇదే లెక్క. ఒక బృందం కోసం ఒక ట్రిప్పుకు తాత్కాలికంగా ప్రత్యేక పర్మిట్ తీసుకునే వీలుంది గానీ, ఐదు వందల రూపాయల బేరానికి దాన్ని తెచ్చుకునేవాడు ఎవడూ ఉండడు.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా గట్టిది. పర్మిట్ లేకుండా తిరిగిన బండికి ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్సు కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తర్వాత ఆ డబ్బంతా బండి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మా ప్రణాళిక పొరపాటున బాగా నడిచి ఉంటే, దానికింద ఒక ఆటో డ్రైవరు ఇల్లు తాకట్టులో ఉన్నట్టే. "ఎవరూ ఆపరులెండి" అన్న మాట మీద బాధ్యతాయుత పర్యాటకం కట్టకూడదని నాకు ఆ తీర్పు చదివాకే అర్థమైంది.

ఇక్కడ నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటి చెప్పాలి. 2021 నుంచి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఆన్‌లైనులో ఇస్తున్నారు, 2023లో నిబంధనలను ఇంకా సులువు చేశారు. హైదరాబాదు ట్రావెల్స్ కారు ఆ ఫీజు కట్టుకుని ఏ హద్దయినా అడ్డులేకుండా దాటిపోతుంది. పుట్టినప్పటి నుంచి యానాం సంతలో కూరగాయలు కొంటున్న తాళ్ళరేవు ఆటోవాడు మాత్రం కొద్ది కిలోమీటర్ల అవతలికి పోవాలంటే ఆలోచించాలి. దూరం నుంచి వచ్చే పెద్ద బండికి దారి నున్నగా ఉంది, దగ్గరి చిన్న బండికి గతుకులున్నాయి. సరిహద్దు రవాణా ప్రణాళిక వేసేవాళ్ళు మొదట చూడవలసింది ఇదే. వదిలేస్తే డబ్బు దానంతట అదే బయటి బండ్లకు పోతుంది.

రెండో ప్రణాళిక: మనిషి దాటితే చాలు

చాలా రోజుల చర్చలో నాకు నేనే అడ్డం అయ్యాను. బండి దాటడం ఎలాగ, ఎవరిని కలవాలి, ఏ ఒప్పందం రావాలి అని తిరుగుతున్నాను. దారి చూపింది యానాం ఆటో స్టాండులో పెద్దాయన. "మనిషికి పర్మిట్ అక్కర్లేదు కదండి. దింపేసి ఎక్కించుకుంటే పోద్ది కదండి" అన్నాడు. పంటు రోజుల్లో జనం చేసింది అదేగా. ఇవతల బండి దిగి, ఏరు దాటి, అవతల బండి ఎక్కేవాళ్ళు.

అలా దారిని మూడు ముక్కలు చేశాం. కోరంగి ముక్క తాళ్ళరేవు ఆటోలది, హద్దు దగ్గర దింపేస్తాయి. యానాం ముక్క యానాం బండ్లది. ఎదుర్లంక నుంచి మురమళ్ళ, ఐ.పోలవరం ముక్క అక్కడివాళ్ళది. వంతెన మీద ఎవరు తీసుకెళ్ళాలన్నదే చిక్కుముడి, ఎందుకంటే హద్దు ఏటి మధ్యలో ఉంటుంది, మనిషిని మధ్యలో దింపలేం. అక్కడ కాకినాడ, అమలాపురం మధ్య తిరిగే ఆర్టీసీ బస్సే మాకు దిక్కైంది. అంతర్రాష్ట్ర సర్వీసుకు కాగితాలు సక్రమంగా ఉంటాయి. యానాంలో ఎక్కి ఎదుర్లంకలో దిగడం చిన్న టికెట్టు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గౌతమిని చూస్తూ దాటడం కారులో దాటడం కన్నా బాగుందని వచ్చినవాళ్ళే అన్నారు.

బండి మారడం అనేది ప్రయాణికుడికి శిక్షలా ఉండకూడదు. ఈ ఒక్క విషయం మీద మేం పెట్టిన శ్రమ మిగతా అన్నిటి మీద పెట్టినదానికన్నా ఎక్కువ. నీడ కావాలి. మంచినీళ్ళు కావాలి. ఆడవాళ్ళు వెళ్ళగలిగే మరుగుదొడ్డి కావాలి. ఇది లేనిచోట ఏ ప్రణాళికా నిలవదు, ఎన్ని రంగుల మ్యాపులు వేసినా సరే. యానాం వైపు వంతెన మొదట్లో ఒక హోటలాయన తన వెనక గదిని శుభ్రం చేయించి ఇచ్చాడు. బదులుగా దిగిన ప్రతి బృందం అక్కడే టీ తాగుతుంది. సామాను మోయడానికి పక్కనే ఉన్న ఒక కుర్రాడికి పని దొరికింది. పోయిన పంటు రేవు టీ కొట్టు నా కళ్ళ ముందు మళ్ళీ లేచినట్టైంది.

డబ్బు పంచుకోవడానికి యాప్ చేయిద్దామని ఒకరిద్దరు పట్టుబట్టారు. నేను వద్దన్నాను. మా డ్రైవర్లలో సగం మంది ఫోను మాట్లాడ్డానికే వాడతారు, పైగా ఎవరి దగ్గర లెక్క ఉంటే వాళ్ళే యజమాని అయిపోతారు. మూడు ముక్కల చీటీ అచ్చు వేయించాం. ప్రయాణికుడు మొదట్లోనే మొత్తం కట్టేస్తాడు. ఒక్కో డ్రైవరు తన ముక్క చింపి పెట్టుకుంటాడు. మంగళవారం ఎలాగూ అందరూ సంతకు వస్తారు కాబట్టి, అక్కడే చెట్టు కింద కూర్చుని చీటీలు చూసుకుని డబ్బు తీసుకుంటారు. మొదటి సీజన్‌లో ఒకసారి తగాదా వచ్చింది. ఒక చీటీకి రెండు యానాం ముక్కలు తేలాయి. అప్పటి నుంచి ముక్క మీద బండి నంబరు రాయాలన్నాం, తర్వాత ఆ గొడవ రాలేదు.

గడియారం, తిథి

కోరంగి ముక్క నన్ను ఇంకోలా ఓడించింది. మడ అడవిలో పడవ షికారు ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు అని వేశాను. పడవలు అటవీ శాఖ అనుమతితో స్థానికులు నడిపేవే, కొత్తవి తెచ్చే ఉద్దేశం మాకు లేదు. ఇక్కడి అభయారణ్యం 1978లో ప్రకటించింది, 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, బావురుపిల్లి ఉండే చోటు. అలాంటి చోట పడవలు పెంచమని అడగడమే తప్పు. ఉన్న పడవలకు మనుషులను వేళకు చేర్చాలనుకున్నాం, అంతే.

కొన్నిరోజులు బాగా నడిచింది, తర్వాత కుప్పకూలింది. పది గంటలకు వెళ్ళినవాళ్ళకు పాయలో నీళ్ళు లేవు. మడ చెట్ల శ్వాసవేర్లు, బురద, ఎండ్రకాయలు కనిపిస్తున్నాయి గానీ పడవ కదలదు. వాళ్ళు పోటు కోసం రెండు గంటలు ఆగితే యానాం ఆటో వేరే బేరానికి వెళ్ళిపోతుంది, బస్సు తప్పిపోతుంది, ఎదుర్లంకలో ఎదురుచూసే మనిషి ఇంటికి పోతాడు. గొలుసులో ఒక లంకె తెగితే మిగతా అన్నీ తెగిపోయాయి.

కోరంగిలో ఒక ముసలి సరంగు దగ్గరికి నా టైం టేబుల్ పట్టుకెళ్ళాను. తారీకులు చదివి వినిపిస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎనిమిదో తారీకంటే నాకేం తెలుస్తాది తల్లీ, తిథి చెప్పు."

ఆ ఒక్క మాటతో నా సమస్య విడిపోయింది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. తారీకుతో చూస్తే గజిబిజిగా ఉంటుంది. తిథితో చూస్తే పాడ్యమి నుంచి అమావాస్య దాకా, పాడ్యమి నుంచి పున్నమి దాకా అదే క్రమం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఏకాదశి నాడు పోటు ఏ వేళకు వస్తుందో వచ్చే ఏకాదశికీ దాదాపు ఆ వేళకే. అమావాస్య, పున్నములకు పెద్ద పోటు, అష్టమి, నవములకు చిన్న పోటు. ఆయన చెబుతుంటే పదిహేను వరుసల పట్టీ రాసుకున్నాను. పక్షానికి ఒకసారి దాన్నే తిప్పి వాడతాం. గోడ మీద పంచాంగం ఉన్న ప్రతి ఇల్లూ ఇప్పుడు మా టైం టేబుల్ చదవగలదు. కార్తీకంలో వచ్చేవాళ్ళు ఎలాగూ తిథి చూసుకునే బయలుదేరతారు. పోటు వేళ మధ్యాహ్నం పడితే ముందు యానాం, తర్వాత కోరంగి. పొద్దున్నే పడితే ముందు కోరంగి. దారి ఒకటే, దిశ మాత్రం తిథిని బట్టి మారుతుంది. ఇరవై ఏళ్ళు గడియారం ముందు పెట్టుకుని రూట్లు గీసిన నాకు, ఏరు కదిలే దారిలో గడియారం సగం పనికే వస్తుందని ఆయన నేర్పాడు. ఆ పట్టీ కింద ఆయన పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న చెప్పినదట.

బ్యాటరీ ఆటోలు

2018 అక్టోబరులో కేంద్రం బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకు పర్మిట్ అవసరం లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఇది తెలిసినరోజు మావాళ్ళు పండగ చేసుకున్నారు. ఇంక చీటీలెందుకు, దిగడాలెందుకు, అందరం బ్యాటరీ బండ్లు కొనేద్దాం అన్నారు. పొగ లేదు, చప్పుడు లేదు, అడవి పక్కన తిరగడానికి అంతకన్నా మంచి బండి లేదు. నేనూ సంతోషించాను.

అయినా ఇద్దరి చేత మాత్రమే కొనిపించాం. కారణాలు రెండు. గంటకు 25 కిలోమీటర్లు దాటని ఈ-రిక్షా జాతీయ రహదారి మీద లారీల మధ్య తిరగడం ప్రమాదం, కాబట్టి మామూలు ఆటోలా వేగంగా పోయే, ఖరీదు ఎక్కువైన ఎల్5 తరగతి ఆటోనే కొనాలి. అప్పు చేసి కొన్నవాడికి వాన నెలల్లో బేరాలు ఉండవు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. పర్మిట్ అడ్డు పోయిందని తాళ్ళరేవు బండి మురమళ్ళ దాకా వెళ్ళిపోతే యానాం స్టాండుకు ఏమీ మిగలదు. కాగితం విధించిన దిగడం వల్లే ముగ్గురికి పని దొరికింది. అందుకని ఆ రెండు బండ్లనూ నడవలేనివాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు, పెద్దవాళ్ళకు కేటాయించాం. వాళ్ళను మాత్రం దింపకుండా చివరిదాకా తీసుకెళ్తాయి. ఆ ట్రిప్పులో యానాం వాటా యానాం స్టాండుకు చెల్లిస్తాం. ఇది ఒప్పించడానికి రెండు మంగళవారాలు పట్టింది.

ఉప్పుగాలి సంగతి కొనేముందు ఎవరూ చెప్పలేదు. చార్జింగ్ పిన్నులు, వైర్ల కొసలు తొందరగా పచ్చబారిపోయాయి. వారానికోసారి విప్పి తుడిచి గ్రీజు రాయడం ఇప్పుడు డ్రైవర్ల అలవాటు.

సాయంత్రాలు

యానాం పేరు చెబితే చాలామందికి మొదట మందు ధర గుర్తొస్తుంది. దీన్ని దాచుకుని ప్రణాళిక వేయలేం. తాగి తిరిగివచ్చేవాళ్ళతో ఒకే ఆటోలో కూర్చోవలసి వచ్చిన ఆడవాళ్ళు మాకు వచ్చి చెప్పారు. అతిథులను పెట్టుకునే ఇళ్ళవాళ్ళూ చెప్పారు. హద్దు దాటించి సీసాలు తీసుకెళ్తే కేసు డ్రైవరు మెడకు కూడా చుట్టుకుంటుంది. మేం పెట్టిన నియమాలు మూడే: మా చీటీ ప్రయాణాలు దీపాలు పెట్టేవేళకు ముగియాలి, బండిలో సీసా కనిపిస్తే అక్కడే దింపేసి మిగతా డబ్బు తిరిగి ఇచ్చేయాలి, ఒంటరిగా వచ్చిన ఆడమనిషి ఏ ముక్కలోనైనా ముందు డ్రైవరు తర్వాతి డ్రైవరు పేరు, బండి నంబరు ఆమెకు చెప్పాకే దింపాలి. దీనివల్ల కొన్ని బేరాలు పోయాయి. పోనీ. ఆ మూడో నియమం మొదలయ్యాక చుట్టుపక్కల కాలేజీ అమ్మాయిలు మామూలు రోజుల్లో కూడా మా చీటీ బండ్లు అడగడం మొదలుపెట్టారు. సందర్శకుల కోసం కట్టినదాన్ని ఊరివాళ్ళు వాడుకోవడం చూసినరోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

నీళ్ళ మీద

వంతెన పక్కన పడవలో దాటిద్దామా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతుంటారు. 2021లో వచ్చిన అంతర్గత జలయానాల చట్టం 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన పడవ దేశమంతా చెల్లేలా చేసింది. అంటే ఆటోకు లేని సులువు మరపడవకు ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు. 2018 జులైలో పశువుల్లంక దగ్గర నాటుపడవ బోల్తాపడింది, అందులో ఎక్కువమంది బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు. మాకు ఎంతో దూరం కాదు. ఆ సాయంత్రం గట్టు మీద నిలబడ్డ జనంలో మా బృందంలోవాళ్ళూ ఉన్నారు. వంతెన ఉన్నచోట సరదా కోసం గౌతమిని పడవలో దాటించే పని మాది కాదు. కోరంగి పాయలో కూడా లైఫ్‌జాకెట్ తొడుక్కోనివాళ్ళ చీటీ తీసుకోం.

వరద నియమం ఇంకా సూటిగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే చీటీల అమ్మకం ఆగిపోతుంది. రెండో హెచ్చరిక 13.75 అడుగుల దగ్గర, మూడోది 17.75 దగ్గర, వాటి దాకా మేం ఆగం. 2022 జులైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి దిగువకు వచ్చినప్పుడు లంకలతోపాటు యానాంలోని పల్లపు కాలనీలు మునిగాయి. ఆ రోజుల్లో మా ఆటోలు సందర్శకులను కాదు, బియ్యం బస్తాలనూ పాల ప్యాకెట్లనూ మోశాయి. అప్పుడు పర్మిట్ గురించి ఎవరూ అడగలేదు.

అందనివి

పంచారామాల భక్తులు మాకు అందలేదు. కార్తీకంలో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్కరోజులో తిప్పే బస్సులు మాకు దగ్గరైన ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి, మాణిక్యాంబను చూపించి వెంటనే కదిలిపోతాయి. వాళ్ళను ఆపే ప్రయత్నం కూడా మేం మానుకున్నాం. మొక్కుబడి ప్రయాణానికి ఒక లయ ఉంటుంది, అందులో మనం దూరకూడదు.

కోటిపల్లి వైపు మాకు ఇంకా దారి దొరకలేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి ఉన్న 45 కిలోమీటర్ల రైలుదారి పట్టాలను 1940లో యుద్ధం కోసం పీకేశారు. 2004లో మళ్ళీ వేశారు, కొన్నేళ్ళు దాని మీద రైలుబస్సు తిరిగింది. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా మూడు పాయల మీద వంతెనలతో పోవాల్సిన రైలుదారి 2000 ప్రాంతంలో మంజూరై ఇంకా పూర్తి కావలసే ఉంది. ఆ రైలు నడిచిన రోజున కార్లను తగ్గించడానికి మేం చేస్తున్న ఈ చిన్న పనులకన్నా అది వెయ్యి రెట్లు చేస్తుంది. యానాం హద్దు మీద అడుగు పెట్టకుండానే పాయలన్నీ దాటేయవచ్చు. ఈలోగా కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటే దిక్కు. ఆ పంటు వేళలకు మా చీటీని కలపాలని ఈ ఏడాది కూర్చున్నాం. రేవులో టికెట్టు ఇచ్చే ఆయన విని, "వేళ అనేది ఉండదమ్మా, బండ్లు నిండితే కదులుద్ది" అన్నారు.

కోరంగిలో ఆదివారాల రద్దీ కూడా అలాగే ఉంది. మా చీటీల మీద వచ్చేవాళ్ళు కొద్దిమంది, సొంత కార్లలో వచ్చేవాళ్ళు చాలామంది. ఆదివారం చీటీలు అమ్మడం మేమే ఆపేశాం. మడ అడవికి ఆ ఒక్కరోజైనా మావల్ల ఇంకో మనిషి భారం పడకూడదని. డ్రైవర్లకు అది ఇష్టం లేదు, ఇంకా వాదిస్తూనే ఉన్నారు. వచ్చే మంగళవారం సంతలో మళ్ళీ ఆ మాటే వస్తుంది.